ఒకటో నంబరు సంచీ

బిస్కట్ల డబ్బా ఇంకా మంచం మీదే ఉంది. మూత ఒక పక్క, డబ్బా ఒక పక్క. మూడు రోజుల కిందట ఒర్నెల్లా దాన్ని తెరిచి చూసినప్పుడు ఎంత ఖాళీగా ఉందో ఇప్పుడూ అంతే ఖాళీగా ఉంది. అయినా మఫాల్దా ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా ఓరకంట దానికేసి చూస్తూనే ఉంది, ఎప్పటికైనా దానంతటదే నిండుతుందేమో అన్నట్టు.

నెలలు నిండిన కోడలు ఒర్నెల్లా మంచం అంచున కూర్చుని, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం పైకి చదువుతోంది.

"ముందు గుండీలున్న గౌనులు మూడు. పెట్టాను. చెప్పులు పెట్టాను. తువ్వాళ్ళు రెండు..."

"నాలుగు పెట్టాను," అంది మఫాల్దా.

"రెండు చాలన్నారు అత్తయ్యా."

"వాళ్ళదేం పోయింది. మోసేది మీ మావయ్య కదా, ఉండనీ."

ఒర్నెల్లా పెట్టెలో చెయ్యి పెట్టి ఒక పెద్ద పొట్లం బయటికి తీసింది. లోపల తరాల్లీలు, అవే కరకరలాడే ఉప్పుచక్రాలు, కిలో పైమాటే. దాని కింద ఇంకో పొట్లంలో వేయించిన బాదంపప్పు. దాని కింద, గౌనులో చుట్టి, ఇంత పొడుగున జున్నుగడ్డ.

"ఇవి కాగితంలో లేవు అత్తయ్యా."

"కాగితం రాసినవాడు కన్నాడా పెంచాడా? ఆసుపత్రి చారు తాగితే పాలు పడతాయా నీకు? పైగా నర్సులకి ఏదో ఒకటి చేతిలో పెట్టకపోతే నీ మొహం వంక చూస్తారా?"

ఒర్నెల్లా నవ్వింది. నవ్వుతూనే నడుం పట్టుకుంది. పొద్దుటినుంచీ నడుం లాగుతోంది. చెబితే మఫాల్దా "ఇంకా వారం ఉంది, అది గాలి" అని తేల్చేసింది. ఇద్దర్ని కన్న మనిషి కాబట్టి ఆవిడ మాటకి ఎదురు లేదు.

"బిడ్డకి నాలుగు జతలు," అని ఒర్నెల్లా మళ్ళీ కాగితం అందుకుంది. "ఒక్కో జత ఒక్కో గుడ్డసంచీలో పెట్టి పైన నంబరు వెయ్యాలి. ఒకటో నంబరు సంచీ కాన్పు గదిలోకి ఇవ్వాలి. బిడ్డకి మొట్టమొదట తొడిగేది అందులోదే."

సంచీలు ఎప్పుడో కుట్టేసింది. తెల్లటి గుడ్డ మీద నీలం దారంతో నంబర్లు కూడా తనే అల్లింది. రెండు, మూడు, నాలుగు ఉబ్బెత్తుగా నిండి వరసగా కూర్చున్నాయి. ఒకటి మాత్రం చప్పిడిగా పడి ఉంది.

"ఇందులో ఏం పెట్టను అత్తయ్యా?"

మఫాల్దా మడత పెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఏం పెట్టాలో ఇద్దరికీ తెలుసు. అరచేతి పొడుగు పట్టుచొక్కా. మఫాల్దా తల్లి తన పెళ్ళినాటి మేలిముసుగుని కోసి కుట్టింది. ఆ ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా ఒంటికి తగిలే మొదటి గుడ్డ అదే కావాలి, అది తొడిగాకే తక్కినవి. తొమ్మిది నెలలుగా మఫాల్దా వీధి వీధంతా టాంటాం వేసింది, "మా చొక్కా నా బీరువాలో, డబ్బాలో భద్రంగా ఉంది" అని. చొక్కా భద్రంగా ఉన్న మాట నిజమే. కాకపోతే ఈ బీరువాలో కాదు, ఎదురింటి బీరువాలో. ఎదురిల్లు మఫాల్దా సొంత అక్క అసుంతాది. ఆ అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు లేక తొమ్మిదేళ్ళు.

"మామూలు చొక్కా ఒకటి పెట్టేస్తాలెండి," అంది ఒర్నెల్లా. గొంతు మామూలుగానే ఉంచాలని చూసింది గానీ కుదరలేదు. "నేను సిస్టర్ల ఆశ్రమంలో పెరిగినదాన్ని. పుట్టగానే నాకు ఏ గుడ్డ చుట్టారో చెప్పేవాళ్ళు కూడా లేరు. మీ అబ్బాయి పెళ్ళి చేసుకుంటావా అని అడిగిన రోజే ఆ చొక్కా సంగతి చెప్పాడు. ఆ రోజునుంచీ అనుకుంటున్నాను, నా బిడ్డకి అది వేస్తారని. ఈ ఇంట్లో నేను ఇంకేమీ అడగలేదు."

మఫాల్దా కోడలికేసి చూసింది. అడిగిందేమైనా ఉందా ఈ పిల్ల? ఉప్పెక్కువైనా తిన్నది, మాట ఎక్కువైనా పడ్డది.

"ఎనిమిది అడుగులు," అన్నాడు వంటింట్లోంచి రొక్కో. మఫాల్దా మొగుడు. కాఫీ కలుపుకుంటూ చెవి ఇక్కడే వేసి ఉంచాడు. "మన గుమ్మంనుంచి వాళ్ళ గుమ్మానికి ఎనిమిది అడుగులు. నేను కొలిచాను."

"నిన్నెవరైనా అడిగారా?"

"అడగందే చెబుతున్నాను. వెళ్ళి అడిగితే అరిగిపోతావా?"

"అరవై రెండు సీసాలయ్యా," అంది మఫాల్దా. "అరవై రెండు."

అంతే, రొక్కో కాఫీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. ఆ అరవై రెండు సీసాల సంగతి ఎత్తితే అతను ఎప్పుడూ అలాగే గ్లాసులోకి చూస్తాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఆగస్టులో, ఎప్పటిలాగే, రెండిళ్ళవాళ్ళూ కలిసి ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాల్లో పట్టి, డ్రమ్ములో పేర్చి, నీళ్ళు పోసి కింద మంట పెట్టారు. సీసాకీ సీసాకీ మధ్య పాతగుడ్డలు కుక్కాలి, లేకపోతే మరుగుతున్నప్పుడు కొట్టుకుని పగిలిపోతాయి. పగిలిపోయాయి. డ్రమ్ములో చూస్తే ఒక్క గుడ్డముక్క లేదు. గుడ్డలు నువ్వు పెట్టలేదంటే నువ్వు పెట్టలేదని మొదలై, అత్తవారింటివైపు తాతముత్తాతల దాకా పోయింది మాట. ఆ అక్టోబరులోనే అసుంతాకి మనవరాలు జీనా పుట్టింది. అప్పటికే చొక్కా వాళ్ళింట్లో ఉంది, కూతురి కాన్పని ముందే పట్టుకెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

ఒర్నెల్లా ఖాళీ సంచీని ఒళ్ళో పెట్టుకుని నీలం ఒకటిని వేలితో రాస్తోంది. ఒక్క మాట అంటే బాగుండేది, మఫాల్దా తిరిగి నాలుగు అనేది.

మఫాల్దా తువ్వాలు మంచం మీద పడేసి, కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పకుండా మెట్లు దిగింది.

*

అసుంతా గుమ్మం ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చెల్లెలు వీధి దాటి రావడం చూసింది. చూసి, తల దించుకుని ఇంకో కాయ తీసుకుంది. పైన మూడు కిటికీల తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. వీధికి సినిమా దొరికింది.

పీట పక్కన పిల్లి పడుకుని ఉంది. మఫాల్దా పిల్లి ముందు నిలబడింది.

"ఒసే పిల్లీ," అంది. "ఈ ఇంటావిడకి చెప్పు. ఆవిడ దగ్గర ఒక వస్తువుంది. అది మా అమ్మది."

"ఒసే పిల్లీ," అంది అసుంతా గింజలు గిన్నెలో రాలుస్తూ. "మా అమ్మ కూడా అని చెప్పు."

"మా కోడలికి నెలలు నిండాయని చెప్పు."

"నాకు కళ్ళున్నాయని చెప్పు. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే రోజూ చూస్తున్నాను. ఆ పిల్ల చేత అంతంత దుప్పట్లు ఆరేయించడం ఏమిటో, దానికి అత్తగారనే మనిషి ఒకతి ఉందో లేదో కూడా అడుగు."

మఫాల్దాకి మండుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాట, ఒళ్ళో ఖాళీ సంచీ పెట్టుకున్న ఒర్నెల్లా కళ్ళ ముందు మెదిలి ఆగిపోయింది.

"చొక్కా కావాలని చెప్పు," అంది. తర్వాత, పిల్లికి కూడా సరిగ్గా వినపడనంత మెల్లిగా, "దయచేసి అని చెప్పు."

అసుంతా చేతులు ఆగాయి. గిన్నె కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి చిటికెలో వచ్చింది. వెతుక్కోలేదంటే ఎదురుగానే పెట్టుకుని కూర్చుందన్నమాట. చేతిలో నీలం కాగితం పొట్లం ఉంది. ఇస్త్రీ వాసన ఇంకా పోలేదు.

మఫాల్దా అక్కడే విప్పింది. పట్టు కాస్త పసుపెక్కింది, అంతే. అలవాటుగా చొక్కా కింది అంచు మడిచి లోపలివైపు చూసింది. అక్కడ ఎర్రదారపు ముడులుంటాయి, ఒక్కో బిడ్డకి ఒక్కటి. చొక్కా తొడిగేది బిడ్డ బామ్మో అమ్మమ్మో. ముడి వేసేది మాత్రం ఆవిడ తోడబుట్టింది. వాళ్ళమ్మ పెట్టిన పద్ధతి అది. తన కూతుళ్ళిద్దరి నోళ్ళ సంగతి ఆవిడకి బాగా తెలుసు మరి, ఒకరితో ఒకరికి పని పడేలా కట్టేసి పోయింది. ముందటి ముడి బాకీ ఉంటే తర్వాతి బిడ్డకి చొక్కా తొడగకూడదని కూడా అనేది.

మఫాల్దా లెక్కపెట్టింది. తామిద్దరివీ రెండు. అసుంతా పిల్లలవి మూడు. తన పిల్లలవి రెండు. ఏడు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

"జీనాది ఏదీ?" అంది. పిల్లిని అడగలేదు. తిన్నగా అక్క మొహంలోకి చూసి అడిగింది.

"వెయ్యాల్సిన మనిషి రాలేదు," అంది అసుంతా.

మఫాల్దాకి ఆ అక్టోబరు పొద్దు గుర్తొచ్చింది. కిటికీ సందులోంచి తను చూస్తుండగా, పెట్టె పట్టుకుని ఒక్కతే ఆసుపత్రికి బయల్దేరిన అక్క, ఒక్కసారి తల ఎత్తి ఇటు చూసింది. తను తలుపు మూసేసింది. జీనాకి తొమ్మిదేళ్ళు నిండబోతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఆ ఒక్క ముడి ఇంకెవరి చేతా వేయించకుండా, తనంతట తనూ వెయ్యకుండా, అలా అట్టేపెట్టింది. మఫాల్దాకి సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే అక్కడే కూలబడి ఏడుద్దామనిపించింది.

పొట్లం అడుగున సూది ఉంది. దానికి ఎర్రదారం ఎక్కించే ఉంది.

"అత్తయ్యా," అని పైనుంచి ఒర్నెల్లా పిలిచింది. బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడింది. "అది గాలి కాదేమో అత్తయ్యా. నా చెప్పులు తడిసిపోయాయి."

*

రొక్కో కారు కూరగాయలకి పనికొస్తుందని కొన్నది. ముందు సీట్లో ఒర్నెల్లా పట్టడమే గగనం. వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు, మధ్యలో పెట్టె. అసుంతాని ఎవరూ రమ్మనలేదు. వచ్చి ఎక్కి కూర్చుంది. ఉక్కు కర్మాగారంలో ఉన్న కొడుకు వీతోకి ఫోను చేశారు, వాడు తిన్నగా ఆసుపత్రికే వస్తానన్నాడు.

"ఏప్రన్‌తోనే బయల్దేరావా," అంది అసుంతా. "డాక్టరు నిన్ను చూసి పప్పేం వండావని అడుగుతాడు."

"నీ చేతికి చిక్కుడు తొక్కలున్నాయి, ముందు అవి దులుపుకో."

"ఓహో. నోరు తిరుగుతోందే. మరి నన్ను ఏమని పిలవాలో కూడా గుర్తుందా, మర్చిపోయావా?"

ఆ మాట మఫాల్దా నాలుక చివరదాకా వచ్చి ఆగింది. తొమ్మిదేళ్ళు వాడకపోతే తలుపు గడియ కూడా బిగుసుకుపోతుంది. చొక్కా ఒళ్ళో పరుచుకుని, అంచు మడిచి, సూది పట్టుకుంది. కారు గతుకుల్లో ఎగురుతోంది.

"ఇప్పుడా?" అన్నాడు రొక్కో అద్దంలోంచి చూసి.

"జీనా ముడి పడకుండా నా మనవడికి చొక్కా ఎలా తొడుగుతాం? నువ్వు తిన్నగా నడుపు."

"వేలు కిందికి పెట్టుకో, పొడుచుకుంటావు," అంది అసుంతా. అని, తనే పెట్టె మీదినుంచి వంగి అంచు బిగించి పట్టుకుంది. నాలుగు చేతుల మధ్య సూది ఒకసారి దిగి పైకొచ్చింది. మఫాల్దా దారం చుట్టి లాగి బిగించింది. ఎనిమిదో ముడి కాస్త వంకరగా వచ్చింది.

"వంకరగా వేశావు," అంది అసుంతా. కళ్ళనిండా నీళ్ళు.

"నీ మనవరాలిది కదా, అలాగే ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక అసుంతా ముక్కు తుడుచుకుని, "గుడ్డలు మాత్రం నువ్వే పెట్టలేదు," అంది.

"పెట్టాను. నా చేతుల్తో నేను కుక్కాను."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

"అది నువ్వు చెప్పాలి, మంట దగ్గర కూర్చున్నది నువ్వు."

"అత్తయ్యా," అని మూలిగింది ఒర్నెల్లా. "నొప్పి పడాల్సింది నేను."

రొక్కో గొంతు సవరించుకున్నాడు. "ఆ గుడ్డలు నేను తీశాను," అన్నాడు.

వెనక సీట్లో ఇద్దరూ ఒక్కసారే ముందుకి వంగారు.

"కారు కింద నూనె కారుతుంటే తుడుద్దామని తీశాను. మళ్ళీ పెడదామనే అనుకున్నాను. ఈలోగా పెద్దమంట పెట్టేశారు. ఆ తర్వాత మీ ఇద్దరి కేకలు విని... ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..."

"తొమ్మిదేళ్ళు," అంది మఫాల్దా.

"తొమ్మిదేళ్ళు," అంది అసుంతా. "మరిదిగారూ, మీరు కారు నడుపుతున్నారు కాబట్టి బతికిపోయారు."

"అందుకే కదా వదినా ఇప్పుడు చెప్పింది."

ఒర్నెల్లా ఒక చేత్తో పొట్టా, ఒక చేత్తో డ్యాష్‌బోర్డూ పట్టుకుని పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలోనే నొప్పి వచ్చి కెవ్వుమంది. మఫాల్దా చేతిలోది చేతిలోదే ఎక్కడో దోపేసి, ముందుకి వంగి కోడలి భుజాలు రెండూ పట్టుకుంది. "ఊపిరి తీసుకో అమ్మా. వదులు. మళ్ళీ తీసుకో. మీ మావయ్య సంగతి బిడ్డ పుట్టాక చూద్దాం." ఆసుపత్రి గేటు దాకా ఆ భుజాలు వదల్లేదు.

*

సాయంత్రం అయిదు కావస్తుండగా కాన్పు గది తలుపు ఓరగా తెరుచుకుంది. అప్పటికి తరాల్లీల పొట్లం సగమైంది. రెండు వార్డుల నర్సులకీ అసుంతా స్వయంగా పంచి, బిడ్డ అడ్డం తిరగలేదని, అంతా సవ్యంగానే ఉందని కబురు రాబట్టింది. వీతోకి ఎదురెళ్ళడానికని రొక్కో గేటు దగ్గరికి పోయాడు. భార్య చేతికీ వదిన చేతికీ అందనంత దూరం అదొక్కటే.

"ఇంకాసేపట్లో అయిపోతుంది," అంది నర్సు. "ఒకటో సంచీ తీసుకుని ఒకరు రావచ్చు, బిడ్డకి బట్టలు తొడగడానికి. బామ్మగారు ఎవరు?"

ఇద్దరూ లేచారు.

"ఒక్కరేనమ్మా. రూలు."

అసుంతా మళ్ళీ కూర్చుంది. "వెళ్ళు," అంది. "నీ మనవడు కదా. నేను తర్వాత వస్తాను, ముడికి."

మఫాల్దా పెట్టెలోంచి సంచీ తీసింది. నీలం ఒకటి ఉన్న సంచీ. పొట్ట నిండా, బయల్దేరే హడావిడిలో ఒర్నెల్లా కుక్కిన నూలు టోపీ, మేజోళ్ళు, చిన్న దుప్పటి. తొమ్మిది నెలలనుంచీ ఈ క్షణం కోసమే కదా ఈ వీధి టముకంతా. తలుపువైపు రెండడుగులు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే, బల్ల మీద ఒక్కతే కూర్చుని, చేతికంటిన చిక్కుడు మరకని గోటితో గీరుకుంటూ కనిపించింది అసుంతా. జీనా పుట్టిన రోజున కూడా ఇలాగే ఒక్కతే కూర్చుని ఉంటుంది. పక్కన చెల్లెలు లేకుండా.

మఫాల్దా తిరిగొచ్చి సంచీ అక్క ఒళ్ళో పెట్టింది.

"నువ్వు వెళ్ళు."

"బామ్మవి నువ్వు."

"నా చేతులు వణుకుతున్నాయి. బతిమాలించుకోకు, వెళ్ళు."

అసుంతా ఆవిడ చేతులకేసి చూసింది. అవి వణకడం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అసుంతా లేచి, సంచీని రెండు చేతులతో గుండెకి హత్తుకుని లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

మఫాల్దా గోడకి ఆనుకుంది. ఇంత తేలిగ్గా, ఇంత సంతోషంగా ఎప్పుడుందో ఆవిడకి గుర్తు రాలేదు. కళ్ళు తడిశాయి. చేతిరుమాలు కోసం ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది.

వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. పట్టు. చిన్న చిన్న ముడులు.

ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత కారు, గతుకు, ఒర్నెల్లా కేక అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చేతిలోది చేతిలోదే దోపేసింది ఇక్కడ. లోపలికి వెళ్ళిన సంచీలో టోపీ ఉంది, మేజోళ్ళున్నాయి, దుప్పటి ఉంది. చొక్కా లేదు.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గట్టిగా, నిక్షేపంగా, ఈ వంశపు నోరే.

మఫాల్దా తలుపు మీద పడి రెండు చేతులతోనూ బాదింది. నడవా చివరనుంచి నర్సులు పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ళ కేకలు ఆవిడకి వినపడలేదు. తొమ్మిదేళ్ళు బిగుసుకుపోయిన మాట గొంతు చీల్చుకుని బయటికొచ్చింది.

"అక్కా," అని అరిచింది. "అక్కా, ఏమీ తొడక్కు. తలుపు తియ్యి అక్కా."